ఇంకో పావు చుట్టు

సిద్దిపేట
1945 సెప్టెంబరు 12

సామ్యూల్ అన్నకు తమ్ముడు బాలనర్సయ్య శనార్థులు.

అన్నా, తిరుమలగిరి మిలిటరీ వర్క్‌షాపులో పెద్ద మేస్త్రివయ్యాక నీకు ఉత్తరం రాసే తీరిక లేకుండా పోయింది. దుర్గయ్య మేస్త్రి దగ్గర మనిద్దరం ఒకే బస్సు కింద పడుకుని గ్రీజు పూసుకున్న రోజులు నువ్వు మరిచావేమో, నేను మరవలేదు. సరే, ఆ కోపం కలిసినప్పుడు తీర్చుకుంటాను. ఇప్పుడు నీతో పని పడింది.

నేను ఇక్కడి మిషన్ దవాఖాన మోటరు నడుపుతున్నాను కదా. పదిహేనేళ్ల కిందటి బండి. ఇంజనుకు వంక పెట్టలేం. స్టీరింగు మాత్రం వదులైంది. చక్రం పావు వంతు తిప్పితే గాని ముందు టైర్లకు కబురు అందడం లేదు. దుబ్బాక తొవ్వలో పోతుంటే బండి నా మాట వింటున్నదో, గాడి మాట వింటున్నదో తెలియదు. మొన్న మా నర్సు లక్ష్మీబాయి వెనక సీట్లోంచి, "అన్నా, బండి పాము తీర్గ పోతున్నదేందే? సూదుల డబ్బ ఒళ్ల పడ్డది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈ మోటరు పోతే చుట్టుపక్కల ఊళ్ల కాన్పులకు దిక్కు లేదు. డాక్టరమ్మ ఆ మాట రోజూ అంటుంది. నా సంగతి నీకు తెలిసిందే. మా నాయిన మగ్గం మీద కూర్చోబెడితే పోగుల నడుమ అటూ ఇటూ ఉరికే నాడె నా మాట వినలేదు. "నీ చేతులు దేనికి పనికొస్తయిరా" అన్నాడు. స్టీరింగు పట్టిన రోజే ఈ చేతులకు పని దొరికింది. ఇవి తప్ప నాకు వేరే ఆస్తి లేదు. ఏం చేయాలో విడమరిచి రాయి.

వదినకు, పిల్లలకు నీ మరదలు కొండవ్వ అడిగానని రాయమంటున్నది.

తమ్ముడు
బాలనర్సయ్య


తిరుమలగిరి, సికింద్రాబాదు
1945 సెప్టెంబరు 23

తమ్ముడు బాలనర్సయ్యకు,

నీ ఉత్తరానికి అంటిన గ్రీజు చూసి ఎవరు రాశారో మీ వదిన చదవకుండానే చెప్పింది. ఆరు నెలలకొకసారి పని పడితే రాసేవాడివి నువ్వు, మాట పడేవాడిని నేను. బాగుంది.

స్టీరింగు వదులైందనగానే అందరూ చక్రం గొట్టం అడుగున ఉండే గేర్ల డబ్బా మీద పడతారు. నువ్వు పడకు. వదులు ఎక్కడ పుడుతున్నదో ముందు వెతుకు. ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి చక్రం అటూ ఇటూ కొంచెం కొంచెంగా కదపమను. నువ్వు బండి కింద పడుకో. పైన చక్రం కదులుతున్నా డబ్బా నుంచి వచ్చే ఇనుప చెయ్యి ఊరికే ఉంటే తప్పు డబ్బాలో ఉన్నట్టు. చెయ్యి కదిలినా టైర్లు కదలకపోతే తప్పు ఆ చేతిని టైర్లకు కలిపే గుండు కీళ్లలో ఉన్నట్టు. రెండు చోట్లా ఉంటే కీళ్ల పని ముందు చేయించు, డబ్బా జోలికి తర్వాత పో.

డబ్బా మీద ఒక మర ఉంటుంది. దాన్ని ఒక్కసారి పావు చుట్టు కంటే ఎక్కువ బిగించకు. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి లోపలి పళ్లు నడుమ అరుగుతాయి, అంచుల్లో అరగవు. నడుమ వదులంతా పోయేలా బిగించావంటే మలుపులో పట్టేసి మళ్లీ రాదు. చక్రం ఊరికే తిరిగేలా రెండు వేళ్ల ఆట ఉండనివ్వు. దుర్గయ్య మేస్త్రి ఏమనేవాడు? "జర ఆట ఉండాలెరా. మొగడు పెండ్లాల నడుమ గూడ జర ఉండాలె" అనేవాడు. పెండ్లి చేసుకున్నాక నాకు అర్థమైంది.

చేసి రాయి.

నీ
సామ్యూల్


సిద్దిపేట
1945 నవంబరు 4

సామ్యూల్ అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. దవాఖానలో ఎవరికీ తీరిక లేక నీ మరదలినే సీట్లో కూర్చోబెట్టాను. కొండవ్వ కొంగు నడుముకు చుట్టి ఎక్కి కూర్చుంది. అటు పోతున్న రాములవ్వ ఆగి, "ఏందే కొండవ్వా, దొరసానివైనవా?" అంటే, "నా మొగడు కింద పండుకున్నడు, నేను మీద కూసున్న. ఇంక దొరసాని గాక ఏంది?" అంది. కింద నేను నవ్వలేక చచ్చాను. నోట్లో మన్ను పడింది.

గుండు కీళ్లు రెండూ అరిగిపోయాయి. కమ్మరి నర్సింహతో కొత్త గిన్నెలు చేయించి వేశాను. సగం వదులు అక్కడే పోయింది. తర్వాత డబ్బా మర పావు చుట్టు బిగించాను. కొండవ్వ తిప్పి చూసి, "మంచిగైంది" అంది. నేను పట్టి చూస్తే ఇంకా వదులే. ఇంకో పావు చుట్టు బిగించాను. "నా రెట్టలు, భుజాలు గుంజుతున్నయి. ఇంక బిగిస్తే దీనికి ఎడ్లను కట్టాలె" అని దిగిపోయింది. ఆడవాళ్ల చేతులు కదా అన్నా. నాకైతే చక్రానికి గుడ్డ చుట్టి పట్టుకున్నట్టు, మెత్తగా, పట్టు లేకుండా ఉంది.

లక్ష్మీబాయి నా ఎడమ చేతికి పట్టీ కట్టింది. రేడియేటరు మూత తీసినప్పుడు కాలినట్టుంది. రేగుపండంత బొబ్బ. పని ధ్యాసలో నాకు తెలియనే లేదు, ఆమె చూసి చెప్పేదాకా. డ్రైవరు చేతులు కదా, ఎద్దు గిట్టల్లా తయారయ్యాయి.

ఇంకా ఎక్కడ చూడమంటావో రాయి.

నీ తమ్ముడు
బాలనర్సయ్య


తిరుమలగిరి
1945 నవంబరు 20

తమ్ముడూ,

కీళ్ల పని బాగా చేశావు. డబ్బా మర ఇక ముట్టుకోకు.

ఈసారి నీ చేతిని అడగకుండా కొలిచి చెప్పు. చక్రం అంచుకు దారం కట్టు. దానికి ఎదురుగా చక్రం కింది గొట్టానికి ఒక పుల్ల కట్టు. కింద టైరు కదలడం మొదలయ్యేసరికి దారం పుల్లకు ఎన్ని వేళ్ల దూరం జరిగిందో చూడు. ఆ లెక్క నాకు రాయి.

ఇంకో మాట. ఆ బొబ్బ మానిందా? కాలినప్పుడు మంట అసలే తెలియలేదా, తర్వాతైనా తెలిసిందా? చేతికి ఏ వైపు, చిటికెన వేలు వైపా? ఊరికే అడుగుతున్నాను.

సామ్యూల్


సిద్దిపేట
1946 జనవరి 5

అన్నా,

కొలిచాను. ఒక వేలు. ఒకటే. నువ్వు చెప్పిన దానిలో సగం. అయినా నా చేతికి వదులుగానే ఉంది. దారం అబద్ధం చెప్పదంటావు, నా చెయ్యి చెబుతుందా? పన్నెండేళ్లుగా పట్టిన చక్రం ఇది. అందుకే మర ఇంకో పావు చుట్టు బిగించాను. కోపం తెచ్చుకోకు.

సికింద్రాబాదు బస్సు నడిపే ఎల్లన్న వచ్చి సరదాకు ఒక చుట్టు నడిపాడు. దిగి, "గిదెవడు బిగిచ్చిండ్రా? దీన్ని తిప్పాల్నంటె పహిల్వాను గావాలె" అన్నాడు. తాగి వచ్చావా అన్నాను. మాటా మాటా పెరిగింది. ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతున్నాడు.

నీ ఉత్తరంలో బండి గురించి నాలుగు ముక్కలు, నా బొబ్బ గురించి నాలుగు ముక్కలు. నువ్వు మేస్త్రివా, కంపౌండరువా? బొబ్బ మానింది. నా చెయ్యి బాగానే ఉంది. చేతనైతే స్టీరింగు సంగతి చెప్పు, లేకపోతే తెలియదని చెప్పు.

బాలనర్సయ్య


తిరుమలగిరి
1946 జనవరి 14

తమ్ముడూ,

నువ్వు తిట్టినా పడతాను. ముందు ఆ మర రెండు పావు చుట్లు వదులు చెయ్యి. ఈ రోజే చెయ్యి. ఊరు దాటి బండి తీయకు. రెండు రోజులు సెలవు పెట్టి ఇక్కడికి రా. నేనే వద్దామంటే నెలాఖరు దాకా సెలవు ఇవ్వనన్నారు. నిన్ను చూసి మాట్లాడాలి. ఉత్తరంలో రాయలేను.

మీ వదిన నీకోసం పచ్చిపులుసు చేస్తానంటున్నది. రా.

సామ్యూల్


సిద్దిపేట
1946 ఫిబ్రవరి 18

సామ్యూల్ మేస్త్రికి,

పచ్చిపులుసుకు రాలేకపోయాను. కాన్పులు నా సెలవు కోసం ఆగవు.

నిన్న ఆదివారం. కొమురవెల్లి అవతలి ఊరి నుంచి పోచవ్వ అనే మనిషిని నొప్పులతో తీసుకొస్తున్నాం. తొలిచూలు. లక్ష్మీబాయి వెనక కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. మల్లన్న జాతర కదా, తొవ్వ నిండా బండ్లు, బండారి పసుపు పూసుకున్న జనం. మలుపులో ఒక ఎడ్లబండి అడ్డం వచ్చింది. బండి నిండా ఆడవాళ్లు. చక్రం ఎడమకు విసురుగా తిప్పాను. పోయింది. మళ్లీ కుడికి తిప్పబోతే రాలేదు. పట్టేసింది. మోటరు గట్టు దిగి ఎండిన మడిలోకి పోయి మట్టిలో కూరుకుని ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ కుదుపుకు పోచవ్వ కాన్పు మడిలోనే అయింది. జాతరకు పోయే ఆడవాళ్లే బండి దిగి చుట్టూ చీరలు అడ్డం పట్టారు. ఆడపిల్ల. ఏడ్చేదాకా నా ప్రాణం నాలో లేదు. పోచవ్వ నన్ను పిలిపించి దండం పెట్టింది. "మమ్ముల బత్కిచ్చినవు బిడ్డా" అంది. నేను తల ఎత్తలేకపోయాను.

ఇదంతా ఎవరి సలహా? కీళ్లు అన్నావు, మర అన్నావు, దారం కట్టమన్నావు. తీరా ప్రాణం మీదికి వచ్చినప్పుడు స్టీరింగు పట్టేసింది. డాక్టరమ్మకు అదే చెప్పాను. ఈ బండి ఇక పనికిరాదని పైవాళ్లకు రాస్తానంటున్నది. నువ్వు మిలిటరీ లారీలే చూసుకో. మా పాత బండ్లు నీకు అర్థం కావు.

బాలనర్సయ్య


తిరుమలగిరి
1946 ఫిబ్రవరి 24

తమ్ముడూ,

నీ మీద నాకు కోపం లేదు. నీ ఉత్తరం చదివి చాలాసేపు పని ముట్టుకోలేదు. పసిపిల్ల బతికింది, దేవునికి స్తోత్రం.

ఇప్పుడు నేను రాసేది కూర్చుని చదువు. ఒక వేలు ఆట ఉన్న స్టీరింగు ఎవరికీ వదులుగా ఉండదు. కొండవ్వకు గట్టిగా ఉంది. ఎల్లన్నకు గట్టిగా ఉంది. దారానికీ గట్టిగానే ఉంది. నీ ఒక్కడి చేతికే వదులు. రేగుపండంత బొబ్బ లేచినా ఆ చేతికి మంట తెలియలేదు. నీ చేతికి స్పర్శ పోతున్నది బాలనర్సూ. నువ్వు బిగించింది ఆ పోయిన స్పర్శ కోసం. మర ఎంత తిప్పినా అది డబ్బాలో దొరకదు.

నాకు ఎట్లా తెలుసో కూడా చెబుతాను. మా అమ్మ నా చిన్నప్పుడే జ్వరంతో పోయిందని నీకు చెప్పాను, దుర్గయ్య మేస్త్రికి చెప్పాను, పెండ్లినాడు మీ వదినకు చెప్పాను. అది అబద్ధం. నాకు పదేళ్లున్నప్పుడు మా అమ్మ కాగే కుండను వట్టి చేతులతో పొయ్యి మీది నుంచి దించేది. పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్లం. నాయిన చూసి కూడా నోరెత్తలేదు. ఊరికి తెలిస్తే బావి దగ్గరికి రానివ్వరని భయం. అట్లా మూడేళ్లు. వేళ్లు ముడుచుకుపోయాక నిజామాబాదు దిక్కున ఉన్న కుష్టు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ నాలుగేళ్లు బతికింది. నేను ఒక్కసారి కూడా పోలేదు. ఎవరైనా చూస్తే నన్ను వర్క్‌షాపులో అడుగు పెట్టనివ్వరనుకున్నాను. ఆమెను ఎక్కడ సమాధి చేశారో కూడా నాకు తెలియదు.

నీ బొబ్బ సంగతి చదివిన రోజే నాకు మా అమ్మ దించిన కుండ గుర్తొచ్చింది. అయినా "ఊరికే అడుగుతున్నాను" అని రాశాను. నీతో స్నేహం చెడుతుందని, నా గుట్టు బయటపడుతుందని మూడు నెలలు నాన్చాను. మా నాయిన చేసిన పనే నేనూ చేశాను. పోచవ్వకు ఏమైనా అయి ఉంటే ఆ పాపంలో సగం నాది.

నా అనుమానం తప్పయితే నా మొహాన ఉమ్మెయ్యి. కొండవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకో. కళ్లు మూసుకో. చీపురు పుల్లతో ఆమె నీ ఒక్కో వేలు తాకాలి, ఏ వేలో నువ్వు చెప్పాలి. ఒక్కడివే చేసుకోకు. ఒక్కడివే అయితే నీకు నువ్వే అబద్ధం చెప్పుకుంటావు. తొందరగా చూపించుకుంటే వేళ్లు దక్కుతాయి. మా అమ్మకు దక్కలేదు, ఆలస్యమైంది కాబట్టి.

ఈ కాగితం పొయ్యిలో వేసినా సరే, పదిమందికి చదివి వినిపించినా సరే. నీ ఇష్టం.

అన్న
సామ్యూల్


సిద్దిపేట
1946 ఏప్రిల్ 1

సామ్యూల్ అన్నకు,

నెల దాటింది నీకు రాసి. మొదటి వారం నిన్ను తిట్టాను. రెండో వారం నీ ఉత్తరం బండి సీటు కింద దాచాను. మూడో వారం తీసి కొండవ్వకు చదివి వినిపించాను.

కళ్లు మూసుకుని కూర్చున్నాను. బొటన వేలు చెప్పాను. చూపుడు వేలు చెప్పాను. నడిమి వేలు చెప్పాను. తర్వాత ఆమె ఎంతకూ తాకలేదు. "ఇంక తాకవేందే?" అన్నాను. కళ్లు తెరిచి చూస్తే పుల్ల నా చిటికెన వేలు మీదనే ఉంది. "తాకుతనే ఉన్న గద" అని ఆమె ఏడుస్తున్నది.

నీకు రాయనివి రెండున్నాయి. ఆ ఆదివారం స్టీరింగు పట్టేసిన మాట నిజమే, ఆ బిగింపు నాదే. కానీ అప్పుడు నా ఎడమ చెయ్యి చక్రం మీద లేదు. ఉందనే అనుకున్నాను. బండి ఆగాక చూస్తే నా ఒళ్లో పడి ఉంది. ఎప్పుడు జారిందో తెలియదు. రెండోది, దసరా ముందు నుంచి మోచేతి కింద ఒక తెల్లమచ్చ. అందుకే నిండు చేతుల అంగీలు తొడుగుతున్నాను. నీకు నీ భయం ఉన్నట్టే నాకు నా భయం.

కొండవ్వను పుట్టింటికి పొమ్మన్నాను. కసిరింది. "రోగమొస్తె నీ తప్పా? నా కాడ చెయ్యి దాపెట్టినవు సూడు, గది నీ తప్పు. దానికి నిన్ను జన్మల ఇడ్వ" అంది. ఆ రోజు అన్నం ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని పెట్టింది.

డాక్టరమ్మ దగ్గరికి పోయి బండిది తప్పు కాదని ఒప్పుకున్నాను. ఆమె వెనక్కి జరగలేదు. లక్ష్మీబాయి ముందే నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. నువ్వు చెప్పిన దవాఖానకే రాసింది. వచ్చే సోమవారం రమ్మన్నారు.

నిన్న బండి కింద పడుకుని నువ్వు చెప్పినట్టే మర రెండు పావు చుట్లు వదిలాను. చేతిని నమ్మలేదు, లెక్క పెట్టుకున్నాను. ఎల్లన్న ఇంటికి పోయి క్షమించమని అడిగాను. బస్సు మానుకుని ఈ బండి నడపడానికి ఒప్పుకున్నాడు. చక్రం తిప్పి చూసి, "ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. గేటు దగ్గర నిలబడి చూశాను. నా బండి నేను లేకుండా పోయింది. ఏడ్చాను అన్నా, దాచడం ఎందుకు.

నీ తమ్ముడు
బాలనర్సయ్య


తిరుమలగిరి
1946 ఏప్రిల్ 4

తమ్ముడూ,

సోమవారం పొద్దుటి బస్సుకు నేను సికింద్రాబాదు అడ్డాలో ఉంటాను. అక్కడి నుంచి రైల్లో ఇద్దరం పోదాం. సెలవు ఇవ్వకపోతే పని మానేస్తానన్నాను, ఇచ్చారు. కొండవ్వ వస్తానంటే తీసుకురా.

మీ వదినకు మా అమ్మ సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మా అత్త పేరేంది?" అని అడిగింది. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆ పేరు పలకలేదు. శాంతమ్మ అని చెప్పాను.

దవాఖాన గేటు దాకా వస్తాను. లోపలికి వచ్చే ధైర్యం ఉందో లేదో చెప్పలేను. నన్ను తక్కువగా చూడకు.

సామ్యూల్


కుష్టు దవాఖాన, నిజామాబాదు తాలూకా
1946 సెప్టెంబరు 20

సామ్యూల్ అన్నకు, వదినకు,

ఆ రోజు నువ్వు గేటు దగ్గరే ఆగిపోయావని బాధపడుతూ రాశావు. గేటు దాకా నా ఎడమ చెయ్యి పట్టుకునే నడిచావు. రైల్లో కూడా వదల్లేదు. అది చాలు నాకు.

ఇక్కడ వారానికి రెండు సూదులు. చిక్కటి నూనె, పొడిచిన చోట రెండు రోజులు గడ్డ కడుతుంది. మొదట్లో పారిపోదామనుకున్నాను. ఇప్పుడు అలవాటైంది. దవాఖాన లారీ ఒకటుంది. దాన్ని నన్ను ముట్టనివ్వరు. డ్రైవరు పక్కన నిలబడి వంకలు పెడుతుంటాను, పాపం పడుతుంటాడు. కొండవ్వ పోయిన నెల వచ్చింది. డాక్టరమ్మ ఆమెకు అక్కడి మిషన్ దవాఖానలో పని ఇచ్చిందట. పోచవ్వ బిడ్డ బోర్లా పడుతున్నదట.

ఇక్కడ లచ్చవ్వ అని ఒక ముసలావిడ ఉంది, వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. శాంతమ్మ పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "పాటలు పాడేది. కొడుకు మోటర్ల పని నేర్సుకుంటుండని అందరికి చెప్పేది" అంది. సమాధి చూపించింది. పేరు చెక్కిన రాయి ఉంది. గడ్డి పీకి శుభ్రం చేశాను. నువ్వు రాలేదని ఆమెకు కోపం ఉండేదా అని అడిగాను. "ఎందుకుంటది? పోరడు పనికి పోవాలె గద" అని మీ అమ్మే అనేదట. ఈ మాట నీకు రాయకుండా ఉండలేను. నువ్వు వచ్చినప్పుడు లచ్చవ్వే చెబుతుంది.

మొన్న మంగళవారం డాక్టరు నా కళ్లు మూయించి సూదితో వేళ్లు చూస్తున్నాడు. బొటన వేలు, చూపుడు, నడిమి వేలు చెప్పాను. ఎప్పుడూ అంతటితో సరి. నేను కళ్లు తెరవబోతుండగా చిటికెన వేలు దగ్గర ఏదో చురుక్కుమంది. "అబ్బా" అన్నాను. "ఏమైంది?" అన్నాడు. "నొస్తున్నది సారూ, చిటికెనేలు నొస్తున్నది" అన్నాను. ఆయన ఇంకోసారి పొడిచాడు. ఇంకోసారి నొచ్చింది. అది విని వరండాలో కూర్చున్న తోటి రోగులు లేచి లోపలికి వచ్చారు. ఒకరు నవ్వుతున్నారు, ఒకరు ఏడుస్తున్నారు.

ఉంగరం వేలు ఇంకా మొద్దుగానే ఉంది. స్టీరింగు మళ్లీ పడతానో లేదో డాక్టరు చెప్పలేదు. నేను అడగలేదు. ఎడమ చేత్తో కాగితం అదిమి పెట్టి ఇది రాస్తున్నాను, ఆ వేలు ఇంకా సలుపుతూనే ఉంది. సలపనీ అన్నా.

నీ తమ్ముడు
బాలనర్సయ్య